బోర్లించిన బకెట్

కొక్కేనికి వేలాడుతున్న బట్టలు లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను.

దళసరి కోటు. మఫ్లర్. ఉన్ని స్వెటర్. మంచులో తిరిగేటప్పుడు వేసుకునే పై ప్యాంటు. కింద బూట్లు, ఒకదాని పక్కన ఒకటి, ముక్కులు గోడకేసి. అంతే.

"లోపలి బట్టలేవి?" అన్నాను.

ఇన్‌స్పెక్టర్ యూసి రాహ్కో నా వెనక గుమ్మంలో నిలబడి చేతి తొడుగులు విప్పుకుంటున్నాడు. వయసులో నాకన్నా పదిహేనేళ్ళు చిన్న, హోదాలో ఒక మెట్టు పైన. వారం క్రితం జిల్లా కేంద్రం నుంచి వచ్చి నా కేసు మీద కూర్చున్నాడు.

"ఏంటి?"

"లోపలి బట్టలు, యూసి. బనీను, ఒంటికి అంటుకునే ఉన్ని ప్యాంటు, మేజోళ్ళు, మిగతావీ. నీళ్ళలో దిగే ఆడపిల్ల పై బట్టలు విప్పి, లోపలివి ఉంచుకుని దిగుతుందా?"

"బ్యాగులో ఉంటాయి."

"చూశాను. తడి తువ్వాలు, తడి స్విమ్‌సూట్ చుట్టచుట్టి ఉన్నాయి. ఫోనుంది. ఇంకేం లేదు."

"సరే సిర్కా. నువ్వు ఉతికిన బట్టలు లెక్కపెట్టుకో. నేను శవాన్ని వెతికిస్తా."

శవమట. ఆ పిల్ల పేరు సైమి. ఇరవై నాలుగేళ్ళు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. గురువారం మధ్యాహ్నం రెండింటికి నాకు ఫోన్ చేసింది. పది రోజుల క్రితం మసక వెలుతురులో, ఇదే సరస్సు మంచు మీద, స్కీయింగ్ చేస్తున్న రిటైర్డ్ పోస్ట్‌మాన్ రెయినోని ఎవరో మంచు స్కూటర్‌తో గుద్ది, ఆగకుండా పోయారు. ముసలాయన తెల్లారేదాకా అక్కడే పడుండి గడ్డకట్టుకుపోయాడు. ఆ సాయంత్రం సైమి ఈ ఆవిరి స్నానాల క్లబ్బు రేవు మీదే నిలబడి ఉంది. నడిపినవాణ్ణి గుర్తుపట్టింది.

"పేరు సోమవారం స్టేషన్‌కొచ్చి చెప్తాను" అంది. "ముందు వాళ్ళింట్లో ఒక మాట చెప్పాలి. వెనకనుంచి పొడిచినట్టు ఉండకూడదు కదా."

శుక్రవారమే రమ్మని ఉండాల్సింది. రమ్మనలేదు. శుక్రవారం నాకు వేరే పనులున్నాయి. ఇప్పుడు శనివారం ఉదయం తొమ్మిదీ పది, బయట మైనస్ ఇరవై ఆరు, ఆ పిల్ల బట్టలు కొక్కేనికున్నాయి.

రాహ్కో లెక్క సూటిగా ఉంది. ఈ సౌనా క్లబ్బులో ఉన్నది ఒకటే ఆవిరి గది, ఒకటే బట్టలు మార్చుకునే గది. శుక్రవారం అయిదు నుంచి ఆరున్నర దాకా ఆడవాళ్ళ వంతు, ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మగవాళ్ళ వంతు. సైమి అయిదింటికి వచ్చి ఆరున్నరకి అందరితోపాటు వెళ్ళింది. సభ్యులందరికీ తలా ఒక ఎలక్ట్రానిక్ తాళంచెవి ఉంటుంది. సైమి తాళంతో తలుపు మళ్ళీ తెరుచుకున్న సమయం ఎనిమిదీ పదిహేడు. ఆవిరి గదిలో పై బల్ల మీద ఆమె కూర్చునే గుడ్డ పరిచి ఉంది, మూలన పేరు కుట్టిన గుడ్డ. రేవు చివర, మంచులో తొలిచిన మడుగులోకి దిగే నిచ్చెన పక్కన, ఆమె రబ్బరు చెప్పు ఒకటి.

"ఒంటరిగా వచ్చింది, వేడెక్కింది, దిగింది, గుండె పట్టేసింది. మంచు కిందికి జారిపోయింది" అన్నాడు. "ప్రతి శీతాకాలం ఎక్కడో ఒకచోట జరిగేదే. గజ ఈతగాళ్ళు పదకొండుకల్లా వస్తారు. తొమ్మిది గంటల రేడియో వార్తలకి చెప్పేశా కూడా."

"శవం దొరక్కముందే మునిగిపోయిందని చెప్పేశావా?"

"మునిగినట్టు భావిస్తున్నాం అన్నా."

"వినేవాళ్ళకి ఆ భావిస్తున్నాం వినపడదు."

"ఊరంతా నీలాగా అనుమానాల పుట్టలు కారులే."

స్టేషన్లో నన్ను అపశకునం సిర్కా అంటారని నాకు తెలుసు. పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే ఆస్పత్రులకి ఫోన్ చేసే మనిషిని. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను ఆ మొదటి సగం దగ్గరే ఆగిపోతాను. కాని ఆ ఉదయం విచిత్రం జరిగింది. అందరూ ఆ పిల్ల చచ్చిపోయిందంటుంటే, ఎక్కడో బతికే ఉందని నాకనిపించింది. అలా అనిపించడమే అన్నిటికన్నా పెద్ద భయం. చచ్చిపోయినవాళ్ళకి తొందరుండదు.

ఒంటి మీద లోపలి బట్టలు, కాళ్ళకి మేజోళ్ళు, కోటూ బూట్లూ లేవు. అలాంటి మనిషి ఈ చలిలో ఆరుబయట ఎంతసేపు నడవగలదు? పావుగంట. అందుకే తీసుకున్నారు. పారిపోకుండా. మేజోళ్ళు వదిలేశారంటే, చావకూడదని కూడా అనుకున్నారు.

ఆవిరి గదిలోకి వెళ్ళాను. పొయ్యి మీద రాళ్ళు చల్లారిపోయాయి. నేల మీద పరిచే చెక్క పలకలు తీసి, గోడకి ఆనించి నిలబెట్టి ఉన్నాయి. గాలి కంత తీసి ఉంది. పై బల్ల మీది గుడ్డని వేలితో తాకాను. సంచిలో పెట్టుకున్న మడతలు ఇంకా అలాగే నిలబడి ఉన్నాయి, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. చెమట పట్టిన మనిషి దాని మీద ఒక్క నిమిషం కూర్చున్నా ఆ మడతలు చచ్చేవి.

కింది బల్ల మీద చెక్క బకెట్ బోర్లించి ఉంది. నీళ్ళ గరిటె మేకుకి తగిలించి ఉంది.

అంతా పద్ధతిగా ఉంది. ఆ పద్ధతే నాకు నచ్చలేదు.

*

కాపలాదారు వైనో బయట వసారాలో చలికి ముక్కు తుడుచుకుంటూ నిలబడ్డాడు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు. పొద్దున ఏడూ నలభైకి బట్టలు చూసింది ఆయనే.

"రాత్రి ఎనిమిదింటికి తలుపేసింది మీరేనా?"

"నేనే. ముప్ఫయ్యేళ్ళుగా నేనే."

"అప్పుడు కొక్కేలకి ఏమైనా ఉన్నాయా?"

"మగాళ్ళ వంతులో ఆడపిల్ల కోటు వేలాడుతుంటే ఆరుగురం చూడకుండా ఉంటామా? మరీ అంత ముసలాళ్ళం కాలేదమ్మాయ్."

"వెళ్ళేముందు ఏమేం చేశారు? వరసగా చెప్పండి."

"ఏముంది, రోజూ చేసేదే. బల్లలు కడిగా. పలకలు లేపి నిలబెట్టా. తడి ఆరడానికి పొయ్యిలో ఒక కట్టె వేశా. గాలి కంత తీశా. ఇక..." అని ఆగిపోయాడు.

"ఇక?"

ఆయన కిటికీ వైపు చూశాడు. లోపల, కాఫీ గదిలో, క్లబ్బు అధ్యక్షురాలు హిల్కా కప్పులు కడుగుతోంది.

"హిల్కాకి చెప్పనని మాటిస్తేనే చెప్తా."

"హత్య కేసు వైనో ఇది, బడిలో అల్లరి కాదు."

"నీకు హత్య కేసు, నాకు హిల్కా" అన్నాడు. గొంతు తగ్గించాడు. "బకెట్లో సగం నీళ్ళు ఉంచి, గరిటె అందులో వేసి, పై బల్ల మీద పెట్టి వచ్చా. తొంతుకి."

తొంతు అంటే సౌనాలో కాపురముండే చిన్న ముసలాయన. మనుషుల వంతు అయ్యాక ఆఖరి ఆవిరి ఆయనది. మా అమ్మమ్మ కూడా ఆయన కోసం నీళ్ళు వదిలేది. ఈ రోజుల్లో అలా వదిలేవాళ్ళు అరుదు.

"వదలకపోతే అలుగుతాడు. అలిగితే సౌనా తగలబడుతుంది" అన్నాడు వైనో. "మా నాన్నది తగలబడింది. నవ్వకు."

"నవ్వడంలేదు. హిల్కాకి దీంతో ఏం బాధ?"

"ఆవిడకి చూస్తేనే ఒళ్ళు మంట. పొయ్యి ఆరాక నీళ్ళు గడ్డకట్టి బకెట్ పలకలు విచ్చుకుంటాయంటుంది. నా మూలంగా రెండు పోయాయట. గోడకి కాగితం కూడా అంటించింది, చూడలేదూ? 'వెళ్ళేవారు బకెట్ బోర్లించవలెను' అని. ఎవరైనా మర్చిపోతే ఇంటికి వెళ్ళినావిడ వెనక్కి వచ్చి మరీ బోర్లిస్తుంది."

"పొద్దున మీరు ఆవిరి గదిలోకి వెళ్ళారా?"

"లేదు. కోటు చూడగానే రేవు మీదికి పరిగెత్తా. చెప్పు కనిపించింది. మీకు ఫోన్ చేశా. మీరొచ్చేదాకా ఇక్కడే కూర్చున్నా."

"మీ వెనక వచ్చిన పోలీసులెవరైనా ముట్టుకున్నారా?"

"వాళ్ళు గుమ్మం దాటలేదు. నువ్వే మొదటిదానివి."

లోపలికెళ్ళి బోర్లించిన బకెట్‌ని మళ్ళీ చూశాను. గరిటె కూడా మేకుకే ఉంది.

*

రాహ్కోని పక్కకి పిలిచి చెప్పాను. అతను చేతులు కట్టుకుని విన్నాడు.

"అయితే సైమి బోర్లించింది" అన్నాడు. "స్నానం అయ్యాక బోర్లించి, ఆఖరిసారి నీళ్ళలో మునిగి ఇంటికెళ్దామనుకుంది. చాలామంది చివర్న చన్నీళ్ళతోనే ముగిస్తారు. నేనూ అంతే."

"స్నానం చెయ్యలేదు. పలకలు లేపే ఉన్నాయి. వట్టి సిమెంటు మీద నడుస్తూ ఎవరు స్నానం చేస్తారు? గుడ్డ మడతలు చెక్కుచెదరలేదు. దాని మీద ఎవరూ కూర్చోలేదు, యూసి. ఎవరో ఆ పిల్ల తాళంతో వచ్చారు. బట్టలు తగిలించారు. గుడ్డ పరిచారు. చెప్పు తీసుకెళ్ళి నిచ్చెన దగ్గర పడేశారు. ఇంత జాగ్రత్తగా చేసినవాళ్ళకి పై బల్ల మీద నీళ్ళున్న బకెట్ కనబడింది. చెయ్యి ఊరుకోలేదు. బోర్లించేశారు. చేసినట్టు వాళ్ళకే గుర్తుండకపోవచ్చు."

"అంటే సాక్షి ఒక ముసలాడు, ఒక దెయ్యం, ఒక బకెట్. రిపోర్టులో ఈ వరసలోనే రాయనా?"

"నీ ఇష్టం. ముందు నాకు మంచు స్కూటర్ ఇవ్వు, ఇద్దరు మనుషుల్ని ఇవ్వు. చుట్టుపక్కల ఖాళీగా ఉన్న వేసవి కుటీరాలు చూడాలి. పొగ వచ్చే గొట్టం ఎక్కడుందో చూస్తే చాలు."

"స్కూటర్ గజ ఈతగాళ్ళ సామాను లాగడానికి. ఉన్నది ఒకటే. ఇవ్వను."

"నీకు నీళ్ళు కనిపిస్తే చాలు, శవం కనిపించినట్టే."

"నీకు శవం కనిపించినా దాని మేజోళ్ళేవని అడుగుతావు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "సిర్కా, నీ బాధ నాకు తెలుసు. గురువారం ఫోన్ చేసిన పిల్ల సోమవారం వస్తానంటే సరేనన్నావు. ఇప్పుడు ఆ పిల్ల పోయిందని ఒప్పుకోవడానికి నీకు మనసు రావడంలేదు."

ఆ మాట సరిగ్గా తగలాల్సిన చోటే తగిలింది. కాఫీ గదిలోకి వెళ్ళాను. గడియారం పదీ అయిదు చూపిస్తోంది.

*

హిల్కా నన్ను చూడగానే కప్పులో కాఫీ పోసింది. ఏలకుల రొట్టె ఒకటి పళ్ళెంలో పెట్టింది. అరవై ఒక్కేళ్ళు, చక్కగా దువ్విన జుట్టు, ఎప్పుడూ ఏదో ఒకటి తుడుస్తూ ఉండే చేతులు. ఇరవై ఏళ్ళుగా ఆవిడా నేనూ ఒకే బల్ల మీద ఒంటి మీద నూలుపోగు లేకుండా కూర్చుని పిల్లల గురించి చెప్పుకున్నవాళ్ళం. ఆవిడ కొడుకు ఆర్తుకి జ్వరమొస్తే ఏ మందు పడదో కూడా నాకు తెలుసు.

"తిను. పొద్దున ఏం తిని ఉండవు."

"సైమి నిన్న ఎవరితో వెళ్ళింది?"

"ఒక్కత్తే. నడిచి. రెండు కిలోమీటర్లేగా." తడబడలేదు. అడుగుతానని ముందే తెలిసినట్టు చెప్పింది.

"నువ్వు?"

"ఇంటికి. ఇవి కాల్చుకుంటూ కూర్చున్నా." రొట్టె వైపు చూపించింది.

"ఎనిమిదీ పదిహేడుకి?"

"ఓవెన్లోంచి మూడో వాయి తీస్తున్నా."

"అంత గుర్తుందా?"

"రొట్టెలు కాల్చేవాళ్ళకి నిమిషాలు గుర్తుంటాయి, సిర్కా. నీకు కాల్చడం రాదు కాబట్టి తెలీదు."

"ఆర్తు?"

"పడుకున్నాడు" అని గుడ్డ తీసుకుని తుడిచిన బల్లనే మళ్ళీ తుడిచింది.

నేరుగా బకెట్ సంగతి ఎత్తితే నోరు మూసుకుంటుంది. ఇరవై ఏళ్ళు బడిలో టీచరుగా పిల్లల్ని ఏడిపించిన మనిషి, బెదిరిస్తే బెదరదు. నాకు వచ్చిన విద్య ఒక్కటే, భయపడటం. అదే చేశాను. నటించాల్సిన పని కూడా లేకపోయింది.

"నాకు ఒక్కటే భయంగా ఉంది, హిల్కా" అన్నాను. "ఎవరితోనైనా చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది. ఆ పిల్ల నీళ్ళలో లేదు. ఎవరో ఎక్కడో గదిలో పెట్టి తాళం వేశారు. కోటు, బూట్లు తీసుకున్నారు. చంపాలని కాదు. పాపం, మేజోళ్ళు ఉంచారు. చలికి చావకూడదని కట్టెల పొయ్యి కూడా వెలిగించి ఉంటారు."

హిల్కా గుడ్డ ఆగింది.

"కాని ఆ చేసిన మనిషి కంగారులో ఉంది. రాత్రంతా వేడి నిలవాలి కదా అనుకుంది. పొగ గొట్టం మూత మూసేసి వచ్చింది. లోపల నిప్పులింకా ఎర్రగానే ఉన్నాయి. ఆ విషపు గాలికి వాసన ఉండదు, హిల్కా. మొదట తలనొప్పి వస్తుంది. తర్వాత నిద్రొస్తుంది. మంచి నిద్ర. ముద్దుగా, బుగ్గలు ఎర్రగా, పడుకున్న పిల్లలాగే ఉంటారు. మా పెదనాన్న కూతుళ్ళిద్దరినీ అలాగే చూశా. పెద్దమ్మ మూత మూసింది పిల్లలకి చలేస్తుందనే. ఆ తర్వాత పెద్దమ్మ పదకొండేళ్ళు బతికింది, దాన్ని బతుకు అంటారో లేదో..."

"మూయలేదు."

అంత మెల్లగా అంది, గది నిశ్శబ్దంగా లేకపోతే నాకు వినపడేది కాదు.

"ఏంటి?"

"మూత మూయలేదు. సగం కూడా మూయలేదు. నాకా మాత్రం తెలీదా?" ఆవిడ కుర్చీలో కూర్చుంది. "నాకూ ఒక పిల్లాడున్నాడు. నాకా మాత్రం తెలీదా, సిర్కా?"

గుమ్మంలో రాహ్కో నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. నోటు పుస్తకం తీస్తున్నాడు.

"ఎక్కడ?" అన్నాను.

"హౌకిసారి ద్వీపం మీద. మా వేసవి కుటీరం." ఇప్పుడు మాటలు ఆగకుండా వచ్చాయి, వంపిన బకెట్లోంచి నీళ్ళలాగా. "ఆ పిల్లే నా దగ్గరికి వచ్చింది. ముందు మాకు చెప్పాలనుకుందట. ఆర్తు తనంతట తానే వెళ్ళి ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని, దానికోసమే సోమవారం దాకా గడువు పెట్టుకుందని. మంచి పిల్ల. అదే నా ఖర్మ. చెడ్డదైతే ఎంత బాగుండేది. ప్రశాంతంగా మాట్లాడుకుందాం రా అని కారెక్కించుకున్నా. మంచు మీది దారిలో ఇరవై నిమిషాలు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశా. వినలేదు. 'ఆంటీ, ఆ ముసలాయన తెల్లారేదాకా బతికే ఉన్నాడట' అని ఒకటే మాట. లోపలి వేడికి ఆ పిల్ల విప్పి పెట్టిన పై బట్టలూ బూట్లూ పట్టుకుని బయటికొచ్చి తలుపుకి తాళం వేసేశా. బ్యాగు, క్లబ్బు తాళంచెవి కారులోనే ఉన్నాయి."

"ఈ నాటకం ఎందుకు?" అన్నాడు రాహ్కో.

"రెండు రోజులు మీరు నీళ్ళలో వెతుకుతారని. ఈలోగా ఆర్తు ఉత్తరాన సరిహద్దు దాటేస్తాడని. ఆదివారం రాత్రి నేనే తలుపు తీసి, ఆ పిల్లని తీసుకుని, నేనే స్టేషన్‌కి వద్దామనుకున్నా. నన్ను ఏం చేసుకున్నా పరవాలేదు." నా వైపు తిరిగింది. "నీ పిల్లల కోసం నువ్వు చెయ్యవా?"

చెయ్యనని చెప్పలేకపోయాను. అందుకే అడగాల్సిందే అడిగాను.

"కుటీరం తాళంచెవి ఎక్కడుంది?"

"ఆర్తు దగ్గర."

"ఎప్పుడిచ్చావు?" అన్నాను.

"పొద్దున రేడియో విని నా దగ్గరికి వచ్చాడు" అంది హిల్కా, తొందర తొందరగా. "తొమ్మిది దాటగానే. సరిహద్దుకి వెళ్ళేముందు ఆ పిల్లకి తిండి ఇచ్చి, క్షమాపణ అడిగి వెళ్తానన్నాడు. ఏడ్చాడు సిర్కా. వాడు చిన్నప్పటినుంచీ అంతే, తప్పు చేస్తే నిద్రపోలేడు. పొట్లం కట్టి ఇచ్చా, రొట్టె, జున్ను, ఫ్లాస్కులో పాలు."

"ఏ పొట్లం?"

ఆవిడ చెయ్యి పొయ్యి గట్టు వైపు లేచింది. అక్కడ గోధుమరంగు కాగితంలో కట్టిన పొట్లం, పక్కన చిన్న ఫ్లాస్కు.

"మర్చిపోయాడు. ఇంట్లో బల్ల మీదే వదిలేశాడు. ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందని తెచ్చా. వాడికి మతిమరుపు..."

"తిండి మర్చిపోయాడు. ఇంకేం తీసుకెళ్ళాడు?"

"ఏం లేదు. షెడ్డులోంచి మోటారు రంపం. అక్కడ కట్టెలు అయిపోయాయేమో, కోసి పెడతానని."

"కట్టెలు అయిపోయాయా?"

హిల్కా తల అడ్డంగా ఊపింది. "గోడకి పైదాకా పేర్చి ఉన్నాయి" అంది.

నేను రాహ్కో వైపు చూశాను. అతని ముఖం పాలిపోయింది. రేడియోలో ఊరందరికీ చెప్పిన మాట అతనికి ఇప్పుడు వినపడుతోంది. సైమి మునిగిపోయింది. ఈ సరస్సులో. సరస్సు అంతా ఒక్కటే. మంచు కరిగే వసంతంలో శవం ఎక్కడ తేలినా ఎవరూ ఆశ్చర్యపోరు. మునిగిందని అందరూ నమ్మేశాక, ముంచడమొక్కటే మిగిలింది.

"వాడికి ఫోన్ చెయ్యి" అన్నాను. "స్పీకర్‌లో పెట్టు. మేమున్నట్టు తెలియకూడదు."

నాలుగుసార్లు మోగింది. అయిదోసారికి ఎత్తాడు. హలో అనే ముందే మాకు వినిపించింది, మోటారు రంపం మొరుగుతూ మొరుగుతూ ఆగిపోయిన శబ్దం. దాని వెనకే నీళ్ళు గలగలమన్నాయి. కట్టెలు కోస్తే నీళ్ళు రావు. సరస్సు మీది మంచు కోస్తే వస్తాయి.

"ఏంటమ్మా?"

"ఎక్కడున్నావురా?" హిల్కా గొంతు మామూలుగానే ఉంది. ఎలా ఉందో దేవుడికే తెలియాలి.

"ఉత్తరం దారిలో. చాలా దూరం వచ్చేశా."

"ఆ పిల్లకి తిండి ఇచ్చావా?"

"ఇచ్చా. తింది. నన్ను క్షమించింది కూడా. ఏడవకు."

హిల్కా పొట్లం వైపు చూస్తోంది. అప్పుడు వినిపించింది, ఫోనులో, దూరంగా. చెక్క మీద దబదబా కొడుతున్న చప్పుడు. మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు. తలుపు అవతలినుంచి ఎవరో ఇంకా బతికున్న చేతులతో కొడుతున్నారు.

బతికే ఉంది.  రాహ్కో అప్పటికే జేబులోంచి మంచు స్కూటర్ తాళం తీసి పట్టుకున్నాడు. పదకొండు కిలోమీటర్లు. ఎంత తోలినా పది, పన్నెండు నిమిషాలు.

"పెట్టేస్తున్నానమ్మా. డ్రైవింగ్‌లో ఉన్నా."

నేను నోరు తెరవబోయాను. హిల్కా అరచెయ్యి ఎత్తి నన్ను ఆపింది. ఆ ముఖం నేను ఇరవై ఏళ్ళలో చూడలేదు. కొడుకు అబద్ధం చెప్పాడని తెలిసిన తల్లి ముఖం కాదది. కొడుకు ఏం చెయ్యబోతున్నాడో తెలిసిన తల్లి ముఖం.

"పెట్టెయ్యకురా" అంది. "ఒక్క నిమిషం. బూడిదరంగు మేజోళ్ళు వేసుకున్నావా?"

"అమ్మా!"

"వేసుకున్నావా లేదా? ఆ నల్లవి పల్చగా ఉంటాయి, కాలి వేళ్ళు పోతాయి. మీ మావయ్యకి రెండు వేళ్ళు అలాగే పోయాయి, తెలుసుగా."

"వేసుకున్నా. ఉంటా మరి."

"ఆగు నాన్నా. మళ్ళీ ఎప్పటికో నీ గొంతు వినేది. అమ్మ మీద ఆ మాత్రం జాలి లేదూ?"

అవతల మళ్ళీ మూడు దెబ్బలు. అతను పెట్టెయ్యలేదు.

హిల్కా లేచింది. బయట స్కూటర్ ఇంజను మొదలైతే ఫోనులో వినబడుతుందని మాకన్నా ముందు ఆవిడకే తట్టింది. కాఫీ గది దాటి, బట్టల గది దాటి, ఫోను చెవికి ఆనించుకుని ఆవిరి గదిలోకి వెళ్ళింది. దళసరి తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూశాను. కోటుతోనే, బూట్లతోనే పై బల్ల ఎక్కి కూర్చుంది. ఆ గదిలో బూట్లతో ఎవరు అడుగుపెట్టినా ఊరుకునే మనిషి కాదు.

"సిర్కా!" బయటినుంచి రాహ్కో కేక. "నీ బకెట్ సంగతి తర్వాత ఒప్పుకుంటా. ముందు ఎక్కు!"

తలుపు నెట్టి మూయబోతుండగా ఆవిడ గొంతు ఇంకొక్క ముక్క వినిపించింది. జోకొట్టేటప్పటి గొంతులాగా ఉంది.

"నువ్వు పుట్టినప్పుడు కూడా ఇంతే చలిరా, ఆర్తూ. ఆ రోజు పొద్దున ఏమైందో నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు..."

తలుపు మూశాను. మంచు మీద పడుతూ లేస్తూ పరిగెత్తాను.

ఆ కథ ప్రతి తల్లి దగ్గరా ఉంటుంది. ఎక్కడ ఆగితే పిల్లలు 'ఆ తర్వాత?' అంటారో తల్లికి తెలుసు. నా దగ్గరున్నది తాపీగా చెప్తే ఏడు నిమిషాలు వస్తుంది.

మాకు పన్నెండు కావాలి.